తోడు తొడిగిన చేతులు

ఆ రోజు గొడవ దండెం దగ్గర మొదలైంది.

మా పెరట్లో జామచెట్టుకూ గోడలో దిగ్గొట్టిన ఇనుపకడ్డీకీ మధ్య బట్టలారేసే తాడు ఉంటుంది. కడ్డీ వైపు ముడి ఎప్పుడూ నేనే వేస్తాను. ఒక కొస లాగితే మొత్తం వదులైపోయే ముడి అది. చినుకు పడగానే తాడు వదిలేసి బట్టలన్నీ ఒకేసారి చేతుల్లోకి తీసుకోవడం నా పద్ధతి. ఆ బుధవారం పొద్దున చినుకులు మొదలైతే వెళ్ళి కొస లాగాను. కదల్లేదు. నేను వేసిన ముడి కాదది. రెండు చుట్లు వెనక్కి తిరిగి, కొస లోపలికి దాక్కుని, ఎంత లాగితే అంత బిగుస్తోంది. బట్టలు ఒక్కొక్కటే తీసేలోపు సగం తడిసిపోయాయి.

“దండెం ఎవరు విప్పి కట్టారు?” అని అడుగుతూ వంటింట్లోకి వచ్చాను.

“నన్నడగొద్దు మే. ఆ దండెం నేను ముట్టుకుని పదేండ్లయింది,” అంది మా అత్త లింగమ్మ చెనిక్కాయలు వలుస్తూ.

మా ఆయన ఓబుళేసు అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. “నేను ముట్టుకోలే,” అన్నాడు.

“నిన్న సాయంత్రం పెరట్లో మీరొక్కరే ఉన్నారు.”

“ఉంటే? పెరట్లో ఉన్నోళ్ళంతా దండేలు కడతారా?”

“అయితే ముడి దానంతటదే పడిందా?”

“పడిందేమో. పనికి పొయ్యేటప్పుడు ఇదొక పంచాయతీ పెడతావు హేమా.”

మా మరిది తిక్కస్వామి తడిసిన తన ప్యాంటును పిండుకుంటూ నవ్వాడు. “అన్నను బోనెక్కించు వదినా. సాక్షిని నేనుండా. తడిసింది నా ప్యాంటే కదా.” నవ్వుతూనే ముడి విప్పడానికి పెరట్లోకి వెళ్ళాడు. చాలాసేపటికీ లోపలికి రాలేదు. నేను వెళ్ళి చూస్తే ముడిని వేలితో తడుముతూ నిలబడి ఉన్నాడు.

“ఇది సుంకన్న ముడి వదినా,” అన్నాడు. “ఎడం చేత్తో కట్టే ముడి. డోన్‌లో నేను ఆయప్ప కింద పని నేర్చుకున్నా కదా. మాకందరికీ నేర్పించాలని చూసినాడు, ఒక్కనికీ రాలేదు. అన్నకు ఎట్లొచ్చింది?”

సుంకన్న పోయి ఏడాది దాటింది. మా ఆయన ఆయన్ని చూసింది రెండే సార్లు, అదీ ఎవరివో పెళ్ళిళ్ళలో. పైగా మా ఆయనది కుడిచేతి వాటం.

అన్నదమ్ములిద్దరిదీ సెల్‌ఫోన్ టవర్లెక్కే పని. మా ఆయనకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది. మూడు నెలలుగా మాత్రం బయటి టవర్లకు వెళ్ళడం లేదు. అనంతపురం బయట, బళ్ళారి రోడ్డులో కంపెనీ పెట్టిన ప్రయోగశాల ఆవరణలో ఒకే టవర్‌ను రోజుకు నాలుగు గంటలు ఎక్కి దిగుతున్నాడు. ఎక్కేటప్పుడు చేతులకు ‘తోడు’ తొడుక్కుంటాడు.

తోడు అంటే భుజం నుంచి వేళ్ళ కొసల దాకా ఉండే పలచని తొడుగు. విప్పి పక్కన పెడితే పాము కుబుసంలా కనిపిస్తుంది. ఎన్నడూ జారిపడని ఒక పనివాడి చేతులు టవర్ మీద ఎలా కదిలాయో ఆ కదలికలన్నీ అందులో దాచారు. తొడుక్కున్నవాడి కండరాలకు సన్నటి విద్యుత్ తాకిడితో వాటిని అందిస్తుంది. బెల్టును టవర్‌కు పట్టి ఉంచే కొక్కేలు రెండింటిలో ఒకటి బిగిస్తే తప్ప రెండోది విప్పనివ్వదు. మనిషి మరిచిపోయినా, ఎండకు కళ్ళు తిరిగినా చేతులు తప్పు చెయ్యవు. మొదటి రోజే తొడుగు చేతిని నడిపిస్తుంది. మూడు నెలలకు తొడుగు లేకపోయినా చెయ్యే ఆ నడక నేర్చుకుంటుందని కంపెనీ వాళ్ళ లెక్క. మొట్టమొదట వేసుకుని చూసింది మా ఆయన. బాగుందని రాసిచ్చాడు. ఆ కాగితం చూసుకుని, వచ్చే సోమవారం కళ్యాణదుర్గం దగ్గర కొత్తగా నిలబెట్టిన టవర్ మీదికి ఆరుగురిని తోడు తొడిగి పంపుతున్నారు. తిక్కస్వామి వాళ్ళలో ఒకడు.

నాకూ ఇందులో ఒక చిన్న పని పడింది. టవర్లెక్కేవాళ్ళు పాటించాల్సిన జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఎక్కేవాళ్ళలో సగంమందికి అవి అందవు. “బీయెస్సీ చదివినావు, తెలుగు పొందిగ్గా రాస్తావు,” అని మా ఆయన ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. అవి మూడు చోట్ల నుంచి తెచ్చిన నిబంధనలు. కొక్కెం తల కంటే పైన తగిలించాలని ఒకదాంట్లో ఉంది. భుజం ఎత్తయినా చాలని ఇంకోదాంట్లో ఉంది. మూడోదాంట్లో ఆ ఊసే లేదు. నేను ఇంటర్నెట్‌లో వెతికి, మరో నాలుగు చోట్ల చదివి, అన్నిటికంటే కఠినంగా ఉన్న మాటనే తీసుకున్నాను. ‘చేయాలి’ అన్న చోట ‘చేస్తే మంచిది’ అని రాస్తే ఎక్కేవాడు దాన్ని వదిలేస్తాడు. అందుకని ప్రతి వాక్యం రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఎప్పుడూ రెండు కొక్కేలు ఉండాలి, ఒకటి బిగిసి ఉండగానే రెండోది విప్పాలి. కొక్కెం తల కంటే పైన ఉండాలి, ఎందుకంటే కింద తగిలిస్తే పడే దూరం పెరుగుతుంది. టవర్ కాలికో, బోల్టులతో బిగించిన అడ్డకమ్మీకో తగిలించాలి. వైర్లను మోసే రేకుకు ఎట్టి పరిస్థితిలోనూ తగిలించకూడదు. పడి బెల్టుకు వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి, లేకపోతే కాళ్ళలో రక్తం నిలిచిపోయి, బతికి బయటపడ్డ ప్రాణమూ పోతుంది. ఇలా పదహారు.

గురువారం మా ఆయనకు సెలవు. రాసింది సరిగా ఉందో లేదో చూద్దామని బెల్టు వేసుకుని చూపించమన్నాను. వంటింటి కిటికీకి గోడలో పాతిన లావు ఇనుప ఊచలున్నాయి. పక్కనే కరెంటు వైర్లు పోయే ప్లాస్టిక్ గొట్టం ఉంది.

“ఆ ఊచలు టవర్ అనుకోండి. తగిలించండి.”

ముక్కాలిపీట ఎక్కి కుడిచేత్తో పై ఊచ పట్టుకున్నాడు. ఎడమచెయ్యి నడుము దగ్గరే ఉండి, చూడకుండా కొక్కెం తీసి, ప్లాస్టిక్ గొట్టానికి టక్కున తగిలించింది. ఆయన ఊపిరి నెమ్మదిగా వదిలాడు. ముఖంలో చెప్పలేని నిశ్చింత.

“ఎక్కడ తగిలించారు?”

“పైన ఊచకు. యాడ తగిలించమన్నావో ఆడే.”

“ఒకసారి చూడండి.”

కిందికి చూశాడు. తన వాకిట్లో పరాయివాళ్ళ చెప్పులు చూసినట్టు కాసేపు ఆ కొక్కెం వైపు చూశాడు. “నీకు తెలుస్తాదో లేదో అని కావాలనే పెట్టినా,” అన్నాడు. ఆయన చెప్పేవాటిలో అబద్ధాలేవో ఇరవై ఏళ్ళలో నాకు తెలిసిపోయాయి. ఇది ఒకటి.

అన్నం తిని మంచం మీద నడుం వాల్చాడు. నేను కూరగాయలు ముందేసుకుని కూర్చున్నాను. నిద్రలో ఆయన కుడిచెయ్యి గాలిలోకి లేచింది. దేన్నో పట్టుకుంది. ఎడమచెయ్యి నడుము దగ్గర తిరిగి బొటనవేలితో నొక్కింది. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ. ఏ తొందరా లేదు. దాదాపు ముప్పావుగంట అలా ఎక్కాయి ఆ చేతులు. తర్వాత ఆగి, కుడిచెయ్యి తల మీదికి పోయి, లేని తలగుడ్డ కొసతో నుదురు తుడుచుకుంది. మా ఆయన జన్మలో తలకు గుడ్డ చుట్టలేదు. ఆ ముప్పావుగంటా నేను ఒక్క బెండకాయ కూడా తరగలేదు.

శుక్రవారం రాసిన పుస్తకం ఇచ్చే నెపంతో ప్రయోగశాలకు వెళ్ళాను. ఇంజనీరు ఇందుమతి నాకంటే పదేళ్ళు చిన్నది. మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించింది. కిటికీలోంచి మా ఆయన ఎక్కే టవర్ కనిపిస్తోంది. కొత్త రంగు కింద పాత తుప్పు తెలుస్తోంది.

“ఎక్కడో విప్పేసిన పాత టవర్‌ని తెచ్చి ఇక్కడ నిలబెట్టాం,” అంది ఇందుమతి. “సాధన చేయడానికి ఏదైనా ఒకటే కదండీ.”

“ఆయన చేతులు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాయో చూడొచ్చా?”

ఆమె తెర మీద పెట్టింది. నల్లటి తెర మీద నీలం గీతలతో రెండు చేతులు. మనిషి లేడు. భుజాల దగ్గర ఆగిపోయాయి. కుడి పైకి, ఎడమ నడుము దగ్గర, మళ్ళీ కుడి పైకి. నిన్న మధ్యాహ్నం మా మంచం మీద చూసినవే. పైకి చేరాక ఆ చేతులు కాసేపు ఖాళీగా ఉన్నాయి. అప్పుడు ఎడమది ఏదో తాడు కొస తీసుకుని, రెండు చుట్లు వెనక్కి తిప్పి, కొసను లోపలికి దాచింది.

“సుంకన్నగారు,” అన్నాను.

ఇందుమతి ఔననలేదు, కాదనలేదు. “పేరు చెప్పకూడదని ఒప్పందం. పదకొండేళ్ళు ఎక్కాడు. ఒక్కసారీ జారలేదు. మాకు కావలసింది అదొక్కటే.”

“కొక్కెం నడుము దగ్గర తగిలిస్తున్నాడు. తల పైన ఉండాలని కదా మీ నిబంధన.”

“అది ఆయన పద్ధతి. ఒక్కసారీ పడని మనిషి పద్ధతిని ఏ లెక్కతో తప్పనాలి?” అని ఆమె తెర ఆపేసింది. ఆపే ముందు ఒక్క క్షణం తన ఎడమ భుజం తడుముకుంది. తనూ ఎప్పుడో తోడు వేసుకుని చూసి ఉంటుంది; ఎందుకు తడుముకుందో ఆమెకు తెలియదనుకుంటాను.

సుంకన్న భార్య మద్దమ్మ గుత్తిలో ఉంటుంది. తిక్కస్వామి చెప్పిన ఆనవాలుతో శనివారం నేనూ మా ఆయనా బస్సెక్కాం. మా ఆయనకు ఇష్టం లేదు. “పోయినోళ్ళింటికి ఏడాది తరువాత పోయి ఏం పలకరిస్తాం?” అని దారంతా సణిగాడు.

మద్దమ్మ మేకలకు ఆకు వేస్తోంది. ఎవరమో చెప్పాక లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మా ఆయన ఎడమచేత్తో గ్లాసు అంచు పట్టుకుని, చిటికెనవేలు అడుగున ఆనించి తాగాడు. ఆమె మాట్లాడుతున్నదల్లా మధ్యలో ఆగిపోయింది.

“అన్నా,” అంది చివరికి, “ఆ పిల్లమేక తాడు ఊడదీసుకుంటాది. రోంత గుంజకు కట్టి రా.”

ఆయన వెళ్ళి కట్టాడు. ఆమె గడపలో నిలబడి ఆ చేతుల్నే చూసింది. ఏడవలేదు. దగ్గరికి వెళ్ళి, ముడి మీద చెయ్యి వేసి, “వానివే,” అంది నాతో. “వాని చేతులు తీసుకుంటామని కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు ఇట్ల తీసుకుంటారనుకోలే.”

నేను నడుము దగ్గర కొక్కెం సంగతి అడిగాను. ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని కాసేపటికి అర్థమైంది.

“నేర్చుకుంటే అదొకటి నేర్చుకున్నారా. టవర్లెక్కడం మొదలుపెట్టక ముందే బండి మీంచి పడి వానికి ఎడం భుజం విరిగింది. రొమ్ము దాటి చెయ్యి లేసేది కాదు. అది తెలిస్తే పనిలోకి తీసుకోరు కదా. ఏటేటా డాక్టరు వస్తాడు, వందమందిని వరసలో నిలబెట్టి చేతులెత్తమంటాడు. వీడు కుడిచెయ్యి ఎత్తి, దించి, చొక్కా సర్దుకుంటున్నట్టు పక్కకు తిరిగి, మళ్ళా అదే కుడిచెయ్యి ఎత్తినాడంట. పదకొండేండ్లు అట్లే ఎత్తినాడు. ప్రతిసారీ ఇంటికొచ్చి నాకు చేసి చూపిచ్చి నవ్వేవాడు.”

“మరి పైన ఎట్ల తగిలిచ్చేవాడు?” అని అడిగాడు మా ఆయన.

“పాత టవర్లకు నిచ్చెన పక్కన లావు ఇనుపకమ్మీ ఉంటాదంట కదన్నా, నడుమెత్తున. మనిషిని మోస్తాది అనేవాడు. పోయినేడు కామెర్లతో పోయినాడు కానీ, టవర్ మీద వానికి ఒక గీత పడలేదు.”

మా ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. కొత్త టవర్లకు ఆ కమ్మీ లేదు. ఆ చోట వైర్లను మోసే పలచటి రేకు మాత్రమే ఉంది. అది నా పుస్తకంలో ఐదో నిబంధన.

తిరుగు బస్సులో ఆయన ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. “ఒకసారి గొట్టానికి పెట్టినా, నిజమే,” అన్నాడు సగం దారి దాటాక. “దానికే అంత భయపడితే ఎట్ల. మనసు పెట్టి ఎక్కితే నా చెయ్యి నా మాటింటాది.”

“వినకపోతే?”

“ఇరవై ఏండ్లు విన్నింది హేమా. పైకి పోయినాక ఆ గాలి, ఆ నిశ్శబ్దం... ఆడ తప్ప నేనెక్కడా మనిషిని కాదు. ఆడికి పోనీకుండా జెయ్యొద్దు.”

ఆదివారం పొద్దున వాకిట్లో ముగ్గేసి, మిగిలిన పిండి గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. మా నీళ్ళ ట్యాంకు పదిహేనడుగుల ఇనుప స్టాండు మీద ఉంటుంది. దాని కాళ్ళు లావు ఇనుము. పక్కనే ప్లాస్టిక్ నీళ్ళ గొట్టం పైకి పోతుంది. బెల్టు కొక్కేలు రెండింటికీ ముగ్గుపిండి దట్టంగా పూశాను.

“ట్యాంకు మూత దాకా ఎక్కి దిగండి. మీ ఇష్టం వచ్చినంత మనసు పెట్టండి. ప్రతిసారీ ఇనుముకే, తల పైన.”

“ఇది మరీ చోద్యం మే,” అంది అత్త. అయినా పీట తెచ్చుకుని కూర్చుంది. తిక్కస్వామి జామచెట్టు కింద పళ్ళు తోముకుంటూ, “అన్న పాసైతే నాకు చికెను, ఫెయిలైతే వదినకు చీర,” అన్నాడు.

మా ఆయన ఎక్కాడు. పెదవులు కదులుతున్నాయి. ప్రతి కొక్కేనికీ ‘ఇనుము, పైన’ అని తనకు తాను చెప్పుకుంటున్నాడు. మూత ముట్టుకుని దిగాడు. నుదుట చెమట పట్టింది గానీ ముఖం ధీమాగా ఉంది.

“తొమ్మిదిసార్లు పెట్టినా. తొమ్మిదీ ఇనుముకే. లెక్కపెట్టుకో.”

నేను స్టాండు దగ్గరికి వెళ్ళి చూశాను. ఇనుపకాలి మీద ఒక్క తెల్లమరక లేదు. నీళ్ళ గొట్టం మీద తొమ్మిది ఉన్నాయి. అన్నీ, ఎక్కేవాడు నిలబడిన మెట్టు నుంచి చూస్తే, సరిగ్గా నడుమెత్తున.

తిక్కస్వామి నోట్లో బ్రష్షు అట్లే ఉండిపోయింది.

మా ఆయన మరకల్ని ఒక్కొక్కటే వేలితో ముట్టి చూశాడు. తర్వాత నేల మీదే నిలబడి, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తూ, ఎడమచేతిలోని కొక్కేన్ని ఇనుపకాలి వైపు తీసుకుపోయాడు. రొమ్ము ఎత్తు దాకా వచ్చి చెయ్యి ఆగింది. ఆయన పళ్ళు బిగించి పైకి నెట్టాడు. నొప్పితో ‘అబ్బా’ అని భుజం పట్టుకున్నాడు. ఏనాడూ విరగని భుజం అది. చెయ్యి మెల్లగా నడుము దగ్గరికి జారి, గొట్టాన్ని వెతుక్కుని, టక్కుమంది. ఆ చప్పుడుతో పాటే ఆయన ముఖంలోకి ఆ నిశ్చింత వచ్చేసింది. దాన్ని చూసి అత్త పీట మీంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నేను ఇందుమతికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

“రేపటి పని ఆపమని ఇప్పుడే పైకి రాస్తాను,” అంది. “కానీ నా మాట మీద ఆపరండీ. ఓబుళేసుగారు బాగుందని ఇచ్చిన కాగితం ఉంది వాళ్ళ దగ్గర. దాన్ని ఆయనే వెనక్కి తీసుకోవాలి. నా చేతులు నా అదుపులో లేవని సంతకం చేసి ఇవ్వాలి. ఈ సాయంత్రం లోపల.”

“ఇస్తే?”

“పద్నాలుగో నిబంధన,” అంది. తెలుగులోకి రాసింది నేనే. ‘చేతులపై పూర్తి అదుపు లేని వ్యక్తి ఎట్టి పరిస్థితిలోనూ నేల విడిచి ఎక్కకూడదు.’ ఎంతకాలం అన్న మాట అందులో లేదు. లేదని గమనించి, ఆ రోజు నేను ఇంకోసారి సరిచూసుకున్నాను కూడా.

“చేతుల్ని బాగుచేయలేరా?”

“ఇంకొకరి చేతులతో దిద్దొచ్చు. ఆ ఇంకొకరు ఏం దాచుకున్నారో ముందే తెలిస్తే.”

ఇందుమతి అన్నదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన పెరట్లోకి వెళ్ళి, నీళ్ళు పోసి మరకలన్నీ కడిగేశాడు. ఎందుకు కడిగాడో నాకు అర్థం కాలేదు. అవి లేకపోతే జరిగిందానికి సాక్ష్యమే లేదు. సుంకన్న నవ్వు ఎలా ఉండేదో నేను చూడలేదు. డాక్టరు ముందు పక్కకు తిరిగి చొక్కా సర్దుకునే మనిషి మాత్రం, ఆ కాసేపు, మా పెరట్లో చెంబు పట్టుకుని నిలబడినట్టు అనిపించింది.

మధ్యాహ్నం సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, కోడిపులుసు దించాను. నలుగురం కూర్చున్నాం. అత్తే మాట మొదలుపెట్టింది.

“చిన్నోనికి జొరమొచ్చిందని ఫోన్ జెయ్యి. వాడు పోడు. ఆడికి సరిపోయ. పెద్దోడు ఏం రాసిచ్చేపని లేదు.”

“నేను పోకపోతే ఇంకొకన్ని పంపుతారు మా. ఎట్లయినా ఆరుమందే,” అన్నాడు తిక్కస్వామి.

“వాళ్ళను వాళ్ళ అమ్మలు చూసుకుంటారు.” అనేసి, తన మాట తనకే వినబడినట్టు అత్త పళ్ళెంలోకి చూసుకుంది. “ఇరవై ఏండ్లు పైనుండే మనిషి కింద కూర్చుంటే ఏమయిపోతాడో నాకు తెలుసు లేరా. వాని నాయన కూడా అట్లే పాయ, పని మానిపిస్తే.”

“అన్నా, నేనే అందరికీ ఫోన్ జేసి చెప్తా,” అన్నాడు తిక్కస్వామి. “తోడు తొడుక్కున్నా సరే, చూసుకుని పైనే తగిలించండి అని. నువ్వు రాసిచ్చే పనుండదు.”

“చూసుకునే పెట్టినా నేను,” అన్నాడు మా ఆయన. మరకలు కడిగినప్పటి నుంచి ఆయన మాట్లాడిన మొదటి మాట అది. “తొమ్మిదిసార్లు చూసుకునే పెట్టినా. నాకు ఇనుమే కనిపిచ్చింది. వాళ్ళకూ అదే కనిపిస్తాది.”

సంగటి ముద్దను పులుసులో అద్దాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. ఎడమచెయ్యి ఒళ్ళో నిలవడం లేదు. దాన్ని మోకాలి కింద అదిమిపెట్టి కూర్చున్నాడు.

“మరకలు కడిగేసినప్పుడు ఒకటి అనుకున్నా,” అన్నాడు. “కడిగేస్తే అయిపోతాది, రేపట్నుంచి కుడిచేత్తోనే తగిలిస్తా, ఎవురికీ తెలీదు అని. కడిగినాక తెలిసింది. ఆ దాచాలనుకునింది కూడా సుంకన్నే నేర్పించినాడేమో అని.”

తిక్కస్వామి పళ్ళెంలోంచి చెయ్యి తీసేశాడు.

“తిని బళ్ళారి రోడ్డుకు పోతా. నా పేరు మీద, నా చేతులు నావి కావని రాసిస్తా. రేపు ఎవురూ ఎక్కేది లేదు. నేనింక ఎప్పుడూ ఎక్కేది లేదు.” నా వైపు తిరిగాడు. “నువ్వూ రావల్ల హేమా. నేను సంతకం పెట్టేటప్పుడు పక్కనే నిలబడి చూడు. అది నా సంతకమేనా కాదా, నువ్వే చెప్పల్ల.”